ఆదిశేషుణ్ణి ఎవరు మోస్తున్నారు? ఉండవల్లి గుహలో ఒక పిల్లాడి ప్రశ్న

 

ఈ వారం వీడియో ఉండవల్లి అనంతపద్మనాభ స్వామి మీద చేశాం. చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, చివర్లో "ఆదిశేషుడి గురించి, భూమి గురించి ఇంకో మాట ఉంది, అది తీరిగ్గా రాస్తాను" అని ఆపేశాను. కెమెరా ముందు చెప్పడానికి నాకు కొంచెం సిగ్గేసింది. ఎందుకంటే ఇది నేను చేసిన తప్పు గురించిన కథ. రాయడమైతే కాస్త తేలిక.

మాది తాడేపల్లి. ఉండవల్లి గుహలు మాకు పక్క వీధి లాంటివి. చిన్నప్పటి నుంచి చుట్టాలు ఎవరొచ్చినా బ్యారేజీ చూపించడం, అట్నుంచి అటే గుహలకి తీసుకెళ్ళడం మా ఇంట్లో ఆనవాయితీ. కొండని నాలుగు అంతస్తులుగా తొలిచారు. మెట్లెక్కి పైకెళ్తే, లోపల చీకట్లో సుమారు ఇరవై అడుగుల పొడవున స్వామి శేషుడి మీద పడుకుని ఉంటాడు. కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా ఏమీ కనపడదు. ఆ తర్వాత మెల్లగా పాదాలు, చెయ్యి, పడగలు ఒక్కొక్కటే బయటికొస్తాయి. విష్ణుకుండినుల కాలంనాటివని పెద్దలు చెబుతారు.

సుమారు పదిహేనేళ్ళ కిందట మా అక్క కొడుకుని అక్కడికి తీసుకెళ్ళాను. వాడికి అప్పుడు ఎనిమిదేళ్ళు. పడగలు చూపించి, "ఇదిగో, ఈయనే ఆదిశేషుడు. భూమినంతా తన పడగ మీద మోస్తున్నాడు" అని చెప్పాను.

వాడు కాసేపు చూశాడు. "మామయ్యా, భూమిని ఆదిశేషుడు మోస్తుంటే, ఆదిశేషుణ్ణి ఎవరు మోస్తున్నారు?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. నలుగురిలో ఉన్నాం. పక్కనున్న వాళ్ళు నవ్వారు. నాకు రోషం వచ్చి, "దేవుడి దగ్గర అలా పిచ్చి ప్రశ్నలు వేస్తే కళ్ళు పోతాయి, నోర్మూసుకుని దణ్ణం పెట్టు" అన్నాను. వాడు దణ్ణం పెట్టాడు. మళ్ళీ నన్ను దేవుడి గురించి ఏ ప్రశ్నా అడగలేదు. నేను అది భక్తి అనుకున్నా.

సంక్రాంతి రాత్రి

మొన్న సంక్రాంతికి వాడు హైదరాబాదు నుంచి వచ్చాడు. ఇప్పుడు ఇరవై మూడేళ్ళు, ఉద్యోగం చేసుకుంటున్నాడు. కనుమ నాడు మా అమ్మ, అంటే వాడి అమ్మమ్మ, మంగళగిరి వెళ్దాం రమ్మంది. వాడు మెల్లగా "నేను రాను అమ్మమ్మా, మీరు వెళ్ళి రండి" అన్నాడు. ఆవిడ ఏమీ అనలేదు. దారి పొడుగునా కారులో కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

ఆ రాత్రి వాణ్ణి బ్యారేజీ మీదికి నడకకి తీసుకెళ్ళి కోప్పడ్డాను. ఇన్ని వేలమందికి భక్తి గురించి చెప్తాను, నా ఇంట్లో పిల్లాడు గుడికి రాడు, నా పరువేం కావాలి అన్నాను. అవును, పరువు అనే మాటే వాడాను.

వాడు రెయిలింగ్ పట్టుకుని కిందికి చూస్తూ అన్నాడు: "ఆ రోజు గుహలో నీకు తెలీదని చెప్తే సరిపోయేది మామయ్యా. నువ్వు కళ్ళు పోతాయన్నావు. నెల రోజులు రోజూ పొద్దున లేవగానే కళ్ళు కనిపిస్తున్నాయో లేదో చూసుకునేవాణ్ణి. ఆ తర్వాత భయం పోయింది. దాంతోపాటు మిగతాదీ పోయింది."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎనిమిదేళ్ళ పిల్లాడి ప్రశ్నకి పదిహేనేళ్ళు ఆలస్యంగా జవాబు వెతకడం మొదలుపెట్టాను. దొరికింది చూసి తల దించుకున్నాను. ఎందుకో చెప్తాను.

అదే ప్రశ్న, 1150లో

భాస్కరాచార్యుడి పేరు వినే ఉంటారు. 1114లో పుట్టాడు. ముప్పై ఆరేళ్ళ వయసులో, 1150లో "సిద్ధాంత శిరోమణి" రాశాడు. లీలావతి గణితం రాసింది కూడా ఈయనే. ఆ గ్రంథంలో గోళాధ్యాయం అనే భాగం ఉంది. అందులో ఆయన వేసిన ప్రశ్న ఏంటో తెలుసా?

భూమికి కింద ఒక ఆధారం ఉందనుకుందాం. ఆ ఆధారానికి ఇంకో ఆధారం కావాలి. దానికి మరొకటి. ఇలా పోతే అంతెక్కడ? చివరికి ఎక్కడో ఒకచోట "ఇది తన శక్తితో తానే నిలబడింది" అని ఒప్పుకోవాల్సిందే కదా. ఆ మాటేదో మొదట్లోనే, భూమి విషయంలోనే ఎందుకు ఒప్పుకోకూడదు?

అచ్చం మా వాడి ప్రశ్న. నేను "పిచ్చి ప్రశ్న" అని నోరు మూయించింది మన ఆచార్యుడు శాస్త్రగ్రంథంలో రాసి పెట్టిన ప్రశ్నని. ఆయన కళ్ళేమీ పోలేదు. ఎనిమిదిన్నర శతాబ్దాలుగా ఆయన్ని ఆచార్యుడు అనే పిలుస్తున్నాం.

ఆయన అక్కడితో ఆగలేదు. భూమికి ఆకర్షించే శక్తి ఉంది, బరువైన వస్తువుల్ని తనవైపు లాక్కుంటుంది, దాన్నే మనం "పడటం" అంటున్నాం అన్నాడు. మరి భూమి ఎక్కడికి పడాలి? చుట్టూ అన్నివైపులా ఆకాశం ఒకేలా ఉంది కదా అన్నాడు.

"అటువైపు ఉన్నవాళ్ళు తలకిందులుగా వేలాడుతుంటారా?" అనే అనుమానానికీ జవాబిచ్చాడు. చెరువు గట్టు మీద నిలబడ్డవాడి నీడ నీళ్ళలో తలకిందులుగా కనిపించినట్టు మనకి అనిపిస్తుంది గానీ, వాళ్ళు అక్కడ మనం ఇక్కడ ఉన్నంత హాయిగానే ఉంటారు అన్నాడు. డాలస్‌లో ఉన్న మనవాళ్ళని వీడియో కాల్‌లో చూస్తూనే ఉన్నాం కదా, ఎవరి తలా కిందికి లేదు. "కింద" అంటే ఎవరికైనా ఒకటే అర్థం: భూమి మధ్యభాగం వైపు.

పురాణంలో భూమి, సిద్ధాంతంలో భూమి

ఇక్కడ మనం నిజాయితీగా ఉండాలి. "అంతా మన గ్రంథాల్లో ముందే ఉంది" అని ఫార్వర్డ్ కొట్టేసి కాలర్ ఎగరేయడం తేలిక. నేనూ చేశాను. కానీ అది సగం నిజం.

భాగవతం పంచమ స్కంధం చదివితే మేరుపర్వతం మధ్యలో, జంబూద్వీపం చుట్టూ ద్వీపాలు, సముద్రాలు వలయాలుగా ఉంటాయి. మొత్తం విస్తారం యాభై కోట్ల యోజనాలు. అది గుండ్రని బంతి వర్ణన కాదు, తామరపువ్వులా పరుచుకున్న లోకం వర్ణన. ఇక సిద్ధాంత గ్రంథాలు తెరిస్తే భూమి గోళం. రెండూ మన సంప్రదాయంలోవే. రెండూ ఒకటి కాదు. ఈ తేడా మనవాళ్ళకి తెలుసు, దాని మీద గట్టిగా వాదించుకున్నారు కూడా.

ఆర్యభటుడు ఆర్యభటీయం రాసింది 499 ప్రాంతంలో. అప్పటికి ఆయనకి ఇరవై మూడేళ్ళు, సరిగ్గా మా వాడి వయసు. భూగోళం అన్నివైపులా గుండ్రం అన్నాడు. కదంబ పువ్వుని చూశారా? చిన్న బంతి, దాని చుట్టూ అన్నివైపులా కేసరాలు నిక్కబొడుచుకుని ఉంటాయి. అలాగే భూమి చుట్టూ అన్నివైపులా ప్రాణులు ఉన్నాయి అన్నాడు. లలితా సహస్రనామం చదివేవాళ్ళకి తెలుసు, అమ్మవారికి కదంబ పువ్వంటే ఎంత ప్రీతో! ఈసారి ఆ నామం దగ్గరికి వచ్చినప్పుడు ఆ పువ్వుని ఒకసారి తలుచుకోండి.

భూమి తన చుట్టూ తాను తిరుగుతోందని కూడా ఆర్యభటుడు అన్నాడు. పడవలో వెళ్ళేవాడికి ఒడ్డున చెట్లు వెనక్కి పోతున్నట్టు కనిపించినట్టే మనకి నక్షత్రాలు పడమటికి పోతున్నట్టు కనిపిస్తాయన్నాడు. కృష్ణలో పున్నమి ఘాట్ నుంచి పడవెక్కినవాళ్ళకి ఇది వివరించక్కర్లేదు. వరాహమిహిరుడు, బ్రహ్మగుప్తుడు ఈ తిరగడాన్ని ఒప్పుకోలేదు. బ్రహ్మగుప్తుడైతే ఆర్యభటుణ్ణి గట్టిగానే విమర్శించాడు. అయినా గోళం అనే విషయంలో ముగ్గురిదీ ఒకే మాట. ఆర్యభటీయాన్ని ఎవరూ కాల్చలేదు, శతాబ్దాల పాటు వ్యాఖ్యానాలు రాసుకుంటూ చదివారు. మన వేంగీ సీమకి చెందిన మల్లికార్జున సూరి 12వ శతాబ్దంలోనే సూర్యసిద్ధాంతానికి తెలుగులో వ్యాఖ్య రాశాడు.

మనింట్లో ఉన్న పంచాంగం సంగతి చూడండి. ఉగాది రోజున పంచాంగ శ్రవణంలో గ్రహణాలు చెబుతారు కదా, ఆ లెక్క రావాలంటే భూమి నీడ గుండ్రంగా ఉండాలి. 2025 సెప్టెంబర్ 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం పట్టింది. గుళ్ళ తలుపులు మూశారు, మేమూ పట్టుస్నానం చేశాం. తర్వాత డాబా ఎక్కి చూశాను. మబ్బు విడిచినప్పుడల్లా చంద్రుడి మీద పాకుతున్న నీడ అంచు కనిపించింది. అది వంపుగా ఉంది. ప్రతి గ్రహణంలోనూ, ఏ వేళప్పుడైనా వంపుగానే ఉంటుంది. ఎటు తిప్పినా గుండ్రటి నీడ పడేది గోళానికి మాత్రమే. కాబట్టి పంచాంగం చేత్తో పట్టుకుని భూమి బల్లపరుపు అని వాదించడం కుదరదు.

ధ్రువుణ్ణి పిడికిలితో కొలుద్దాం

ఇది మీరు స్వయంగా చేసి చూడొచ్చు. నాకు చాలా ఇష్టమైనది ఇదే.

మన పెళ్ళిళ్ళలో ధ్రువదర్శనం ఉంటుంది. కదలని భక్తికి గుర్తు ధ్రువుడు. వచ్చే నెలలో మబ్బు లేని రాత్రి ఒకటి చూసుకుని ఉత్తరం వైపు ఖాళీగా ఉన్న డాబా ఎక్కండి. చెయ్యి పూర్తిగా చాచి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలి ఆకాశంలో సుమారు పది డిగ్రీలు కప్పుతుంది. తాడేపల్లిలో గానీ విజయవాడలో గానీ ధ్రువ నక్షత్రం నేల అంచు నుంచి పిడికిలిన్నర ఎత్తులో, అంటే సుమారు పదహారున్నర డిగ్రీల దగ్గర ఉంటుంది. కాశీకి వెళ్ళి చూడండి, రెండున్నర పిడికిళ్ళ ఎత్తుకి వస్తుంది. కన్యాకుమారిలో ఒక్క పిడికిలి కూడా ఉండదు, ఎనిమిది డిగ్రీలే. భూమధ్యరేఖ దాటితే అసలు కనపడదు.

భూమి బల్లలా ఉంటే అంత దూరంలో ఉన్న నక్షత్రం అన్ని ఊళ్ళలోనూ ఒకే ఎత్తులో కనపడాలి. మనం నిలబడ్డ నేలే వంగి ఉంది కాబట్టి, ఉత్తరానికి నడిచేకొద్దీ ధ్రువుడు పైకి లేస్తాడు. ధ్రువుడు కదలడు, కదిలేది మనమే.

దీంతో భూమి చుట్టుకొలత కూడా దొరుకుతుంది. కన్యాకుమారికీ తాడేపల్లికీ మధ్య తేడా సుమారు 8.4 డిగ్రీలు. నేరుగా దక్షిణం నుంచి ఉత్తరానికి కొలిస్తే దూరం సుమారు 930 కిలోమీటర్లు. పూర్తి చుట్టు 360 డిగ్రీలు కదా. లెక్క వేసుకోండి, 40 వేల కిలోమీటర్లకి దగ్గరగా వస్తుంది. అసలు చుట్టుకొలత అదే.

భాస్కరుడు ఇదే పద్ధతి చెప్పాడు. భూమధ్యరేఖ నుంచి ఉజ్జయిని భూమి చుట్టుకొలతలో పదహారో వంతు దూరంలో ఉంది, ఆ దూరాన్ని పదహారుతో గుణించండి, అంతే కదా భూమి, మరి కోట్ల యోజనాల లెక్క ఎందుకు అని నిలదీశాడు. పురాణం చదివిన పండితుడు, వినాయకుడికి మొక్కి గ్రంథం మొదలుపెట్టినవాడు అడిగిన మాట ఇది.

మనకి బల్లపరుపుగా ఎందుకు కనిపిస్తుందో కూడా ఆయనే చెప్పాడు. పెద్ద వృత్తంలో చిన్న ముక్క తీసుకుంటే అది తిన్నగానే కనిపిస్తుంది. భూమి చాలా పెద్దది, మనిషి చాలా చిన్నవాడు. సూర్యలంక బీచ్‌లో నీళ్ళ అంచున నిలబడితే మన కంటికి ఆనే సముద్రం నాలుగున్నర కిలోమీటర్లే. ఆ అంచు దాటి పోయే పడవ కింది భాగం ముందు మాయమవుతుంది, జెండా ఆఖరున మాయమవుతుంది. ఈసారి బాపట్ల వెళ్ళినప్పుడు సెల్ఫీ అయ్యాక ఓ పది నిమిషాలు అది చూడండి.

ఉండ చుట్టింది ఎవరు?

సరే, గుండ్రం అని తేలింది. గుండ్రంగానే ఎందుకు ఉండాలి? పలకలా, ఇటుకలా ఎందుకు లేదు?

మా అమ్మ సున్నుండలు చేస్తున్నప్పుడు చూస్తే ఇది తెలుస్తుంది. పిండి గిన్నెలో ఎలా పడితే అలా ఉంటుంది. చేతిలోకి తీసుకుని అన్నివైపుల నుంచీ సమానంగా నొక్కితే ఉండ అవుతుంది. భూమి విషయంలో నొక్కే చెయ్యి బయట లేదు, లోపల ఉంది. సుమారు 450 కోట్ల ఏళ్ళ కిందట సూర్యుడి చుట్టూ ధూళి, రాళ్ళు తిరుగుతూ ఒకదాన్నొకటి లాక్కుని పోగయ్యాయి. ప్రతి రేణువూ మిగతా అన్ని రేణువుల్నీ లాగుతుంది. ఆ లాగుడంతా కలిస్తే ప్రతిదీ మధ్యభాగం వైపే పోవాలని చూస్తుంది. అన్నివైపుల నుంచీ మధ్యకి అంతే దగ్గరగా చేరాలంటే కుదిరే ఆకారం ఒక్కటే, గోళం.

లాగే శక్తి చాలకపోతే ఆకారం కుదరదు. అంగారకుడి ఉపగ్రహం ఫోబోస్ పాతిక కిలోమీటర్ల రాయి. దాని బరువు దాని రాళ్ళని లొంగదీయలేదు, అందుకే బంగాళాదుంపలా ఉండిపోయింది. కొన్ని వందల కిలోమీటర్లు దాటిన గ్రహాలు, ఉపగ్రహాలే గుండ్రబడతాయి.

మరి కొండలు? మన పల్లెల్లో మిరపకాయలు ఎండబోసే కల్లం చూసినవాళ్ళకి తెలుసు, రాశి ఎంత పోసినా ఒక ఎత్తు దాటదు, పక్కలకి జారిపోతుంది. కొండా అంతే. మరీ పెరిగితే కింది రాయే ఆ బరువు మోయలేక కుంగుతుంది. ఎవరెస్టు ఎత్తు 8,849 మీటర్లు. భూమి మధ్య నుంచి పైదాకా 6,371 కిలోమీటర్లు. అంటే ఎవరెస్టు ఇందులో వెయ్యో వంతుకి కొంచెం ఎక్కువ. నిమ్మకాయ మీద గరుకంత కూడా కాదు.

ఇక్కడో మాట చెప్పాలి. భాస్కరుడు ఆకర్షణ ఉందన్నాడు. ఆ ఆకర్షణ ఎంత, దూరం పెరిగేకొద్దీ ఎలా తగ్గుతుంది అనే సూత్రాన్ని లెక్కతో సహా చెప్పింది న్యూటన్, 1687లో. ఒకరి ఘనత కోసం ఇంకొకరిది లాక్కోనక్కర్లేదు. జ్ఞానం ఎక్కడున్నా సరస్వతే.

నడుము దగ్గర కాస్త ఉబ్బు

న్యూటన్ ఇంకో సంగతి కూడా చెప్పాడు. భూమి పూర్తి గోళం కాదు. చిన్నపిల్ల పరికిణీ కట్టుకుని గిర్రున తిరిగితే పరికిణీ గొడుగులా విప్పుకుంటుంది కదా, అలాగే తిరిగే భూమి నడుము దగ్గర ఉబ్బుతుంది. దీని మీద యూరప్‌లో పెద్ద గొడవ జరిగింది. ఫ్రెంచివాళ్ళు 1735లో ఒక బృందాన్ని దక్షిణ అమెరికాకి, 1736లో ఇంకోదాన్ని ఉత్తర ధ్రువానికి దగ్గర్లో ఉన్న లాప్లాండ్‌కి పంపి కొలిపించారు. న్యూటనే గెలిచాడు. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 6,357. తేడా 21 కిలోమీటర్లు.

ఆ తిరుగుడు ఎంత వేగమంటే, మీరు ఇది చదువుతూ విజయవాడలో కూర్చుని ఉంటే గంటకి సుమారు 1,600 కిలోమీటర్ల వేగంతో తూర్పుకి పోతున్నారు. శ్రీహరికోటలో రాకెట్లని తూర్పుకి వదలడంలో ఉన్న లాభం ఇదే, భూమి తన తిరుగుడుతో సెకనుకి 450 మీటర్ల వేగాన్ని ఉచితంగా ఇస్తుంది. భూమి నడుముని ఉబ్బించిన తిరుగుడే మన రాకెట్‌ని కూడా తోస్తోంది.

ఈ కొలతల్లో మన గుళ్ళకీ చోటుంది. 1802లో మద్రాసు దగ్గర లాంబ్టన్ అనే ఆయన పెద్ద సర్వే మొదలుపెట్టాడు. దాని ఉద్దేశాల్లో భూమి ఆకారం తేల్చడం ఒకటి. 1811లో మన అనంతపురం వైపు గుత్తి దగ్గర నేల మీద గొలుసు పరిచి కొలిచారు. కొండల్లేని మైదానాల్లో ఎత్తైన చోటు కావాలి కదా, దక్షిణాదిలో గుడి గోపురాలెక్కి కొలతలు తీశారు. భూమి వంపుని కొలవడానికి మన గోపురాలు నిచ్చెనలయ్యాయి.

ఇంకో విశేషం. భూమి లోపల బరువు అన్నిచోట్లా ఒకేలా లేదు, కాబట్టి ఆకర్షణా ఒకేలా లేదు. మన దేశానికి దక్షిణాన హిందూ మహాసముద్రంలో ఒకచోట ఆకర్షణ తక్కువ, అక్కడ సముద్రమట్టం లెక్కలో ఉండాల్సిన దానికన్నా సుమారు 106 మీటర్లు లోతుగా ఉంటుంది. ప్రపంచంలో ఇలాంటి పల్లాల్లో అన్నిటికన్నా లోతైనది అదే. 2023లో బెంగళూరు ఐఐఎస్‌సీ శాస్త్రవేత్తలు దీనికి కారణాన్ని భూమి లోపలి పొరల్లో ఉన్న తేలికైన పదార్థంలో చూపించారు. మనం నీళ్ళన్నీ సమంగా ఉంటాయనుకుంటాం. నీళ్ళు లోపలి లాగుడుని బట్టి సర్దుకుంటాయి.

మరి శేషుడు?

ఇంతా చదివాక మా వాడిలాగే మీలో ఎవరైనా "అయితే శేషుడు అబద్ధమా?" అని అడగొచ్చు. అడగండి. నాకు తోచింది చెప్తాను. ఇది శాస్త్రం అని చెప్పను, ప్రమాణం అని కూడా చెప్పను. నా మననం మాత్రమే.

చిన్నప్పుడు భాగహారం చేసేవాళ్ళం. భాగించగా భాగించగా చివర మిగిలేదాన్ని ఏమనేవాళ్ళం? శేషం. అన్నీ పోయాక మిగిలేది శేషం. ఆయనకే ఇంకో పేరు అనంతుడు, అంతం లేనివాడు. దీని కింద ఏముంది, దాని కింద ఏముంది అని అడుగుతూ పోతే భాస్కరుడు చెప్పినట్టు అంతు ఉండదు. ఆ అంతులేనితనానికి మన పెద్దలు పేరు పెట్టి, పడగలు పెట్టి, మన పిల్లలు చేత్తో ముట్టుకోగలిగేలా ఉండవల్లి కొండలో చెక్కారేమో అనిపిస్తుంది. భూమి ఎంత, దాని ఆకారం ఏంటి అనేది కొలత చెబుతుంది. ఇంత పెద్ద శక్తి ఒడిలో ఉన్నానన్న కృతజ్ఞత ఎలా ఉండాలో ఆ శిల్పం చెబుతుంది. కొలబద్ద పని శిల్పం మీద పెడితే రెండూ చెడతాయి.

వరాహస్వామి విషయమూ అంతే. "భూమి మునిగింది ఏ సముద్రంలో?" అని వెక్కిరిస్తుంటారు. విదిశ దగ్గర ఉదయగిరిలో 5వ శతాబ్దపు వరాహమూర్తిని చూడండి. స్వామి కోర దగ్గర ఉన్నది బంతి కాదు, పళ్ళెం కాదు, ఒక స్త్రీ. మునిగిపోతున్న తల్లిని పైకి తీసిన కథ అది. తిరుమలలో మొదటి దర్శనం వరాహస్వామికి చేసుకునేటప్పుడు మనం తలుచుకోవాల్సింది ఆ రక్షణని.

భూమి ఆకారం నుంచి నేను నేర్చుకున్నది ఒకటుంది. ఈ గోళం మీద ఏ చోటూ పైన కాదు, ఏ చోటూ కింద కాదు. తాడేపల్లి ఇసుక రేణువుకీ హిమాలయం రాయికీ లోపలికి పిలుపు ఒక్కటే. ఎంత ఎత్తుకి లేచిన కొండనైనా ఆ పిలుపు ఒక హద్దులో ఉంచుతుంది. నేను గుహలో పిల్లాడి మీద అరిచిన రోజు నా ఎత్తు నేను చూసుకున్నాను. బ్యారేజీ మీద పరువు అన్న రోజూ అంతే.

మళ్ళీ గుహలో

శివరాత్రి సెలవుకి వాడు వచ్చినప్పుడు భాస్కరుడి ప్రశ్న చదివి వినిపించాను. "నువ్వు ఎనిమిదేళ్ళప్పుడు అడిగింది ఇదేరా. నాకు తెలీదు. తెలీదని చెప్పకుండా నిన్ను భయపెట్టాను. తప్పు నాది" అన్నాను. వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "గుహలు ఎన్నింటిదాకా తీసి ఉంటాయి?" అని అడిగాడు.

వెళ్ళాం. మా అమ్మ కూడా వచ్చింది. వాడు దణ్ణం పెట్టాడా లేదా నేను చూడలేదు, చూడకూడదని అనుకున్నాను. చీకట్లో స్వామి పాదాల దగ్గర ముగ్గురం నిలబడ్డాం. కాసేపటికి వాడు మెల్లగా అడిగాడు. "మామయ్యా, భూమి మధ్యకి అన్నీ లాగబడుతున్నాయి కదా. సరిగ్గా ఆ మధ్యలో నిలబడితే ఎటు లాగుతుంది?"

"తెలీదురా. చూసి చెప్తాను" అన్నాను.

మా అమ్మ నవ్వింది. ఆ రాత్రి చదివి వాడికి ఫోన్ చేశాను. ఎటూ లాగదట. అన్నివైపుల లాగుడూ సరిసమానమై, అక్కడ ఏ బరువూ ఉండదట.

ఈ వారానికి మీకు రెండే పనులు. ఒకటి, పొద్దున్నే మంచం దిగేముందు నేలని ముట్టుకుని భూదేవికి నమస్కరించే అలవాటు మన ఇళ్ళలో ఉండేది, పాదం మోపుతున్నందుకు క్షమించమని అడుగుతూ. ఆ క్షణం ఆ గోళాన్ని మనసులో పెట్టుకుని నమస్కరించండి. రెండు, మీ ఇంట్లో చిన్నవాళ్ళు ఎవరైనా దేవుడి గురించి ప్రశ్న వేస్తే, తెలిస్తే చెప్పండి, తెలియకపోతే తెలీదని చెప్పి వాళ్ళతో కలిసి వెతకండి. దయచేసి కళ్ళు పోతాయని మాత్రం అనకండి.

వచ్చే వారం మంగళగిరి పానకాల స్వామి కథతో కలుద్దాం.

జై శ్రీమన్నారాయణ. శుభం.